రెండు ఫిడేళ్ళు, ఒక్క శ్రోత

నాకు కుళ్ళు. దాన్ని దాచుకునే ఓపిక నాకెప్పుడూ లేదు కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను. మా గోదావరిఖనిలో ఆ చలికాలమంతా ఆదివారాలు జరిగిన ఉచిత సంగీత కచేరీల మాట ఎత్తి, ఎవరైనా "ఎంత మంచిగుండె గదా" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచిగానే ఉన్నాయి. మండేది అందుకే.

నేను పెద్దపల్లిలో పుట్టి పెరిగాను. చిన్నప్పుడు మా వీధి చివర ఒక ముసలి మాస్టారు ఫిడేలు నేర్పేవారు. మొదట్లో ఆడపిల్లలం చాలామందిమి చేరాం. సరళీ స్వరాలు దాటేసరికి సగంమంది మానేశారు. వర్ణాలకు వచ్చేసరికి ఇద్దరమే మిగిలాం, నేనూ ఇంకొక పిల్లా. ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చుని వాయించేవాళ్ళం. మాస్టారు నా చెయ్యి చూసి "తేలిక చెయ్యి" అనేవారు. ఆ పిల్లను చూసి "మొండిది" అనేవారు. ఆ రెండు మాటల్లో ఏది మెప్పో అప్పట్లో నాకు అనుమానమే లేదు. తర్వాత నాకు పెళ్ళయింది. ఫిడేలు పెట్టె పట్టుకుని ఈ గనుల ఊరికి కాపురానికి వచ్చాను. ఆ పిల్ల హైదరాబాదు వెళ్ళి సంగీత కళాశాలలో చేరిందని విన్నాను. అక్కడితో ఆమె సంగతి మరిచిపోయాను.

మా ఆయనది భూగర్భ గనిలో హాలేజీ ఆపరేటర్ పని. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం దగ్గర కూర్చుంటాడు. కింద నుంచి గంట మోగితే లాగాలి, మళ్ళీ మోగితే ఆపాలి. షిఫ్టంతా ఆ గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే మనిషికి ఇంటికొచ్చాక ఇంకే చప్పుడూ వినబుద్ధి కాదట. సాయంత్రం నేను ముందు గదిలో ఫిడేలు తీస్తే చాలు, "మంచిగున్నది, వాయించు వాయించు" అంటూనే చెప్పులేసుకుని చౌరస్తాకు చాయ్ తాగడానికి వెళ్ళిపోయేవాడు.

మంచి మనిషే. తాగడు, తిట్టడు, వంటకు వంక పెట్టడు. కానీ పాతికేళ్ళ కాపురంలో నేను వాయించిన ఒక్క పాటనైనా చివరిదాకా కూర్చుని వినలేదు. ఆయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వినాలి. ఈ జన్మకు నాకున్న కోరిక అదొక్కటే. అడిగి చేయించుకుంటే దానికి విలువేముంది? అందుకని ఎప్పుడూ అడగలేదు.

అలాంటప్పుడు ఈ కచేరీలు వచ్చిపడ్డాయి. పట్నంలో సంగీతమంటే ప్రాణం పెట్టేవాళ్ళు కొందరు కలిసి చిన్న ఊళ్ళలో కచేరీలు పెడుతున్నారట. రెండు వారాలకొక ఆదివారం మా కమ్యూనిటీ హాల్లో ముగ్గురో నలుగురో కళాకారులు, మైకు లేకుండా, జనానికి దగ్గరగా కూర్చుని వాయిస్తారు. టికెట్టు లేదు. సాయంత్రం బండికి వాళ్ళు తిరిగి వెళ్ళాలి కాబట్టి కచేరీ మధ్యాహ్నం పూటే.

మా పక్క క్వార్టర్ అక్కకు మైకు లేదన్న మాటే మింగుడు పడలేదు. మా దగ్గర పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించినా మైకు పెట్టాల్సిందే.

"మైకు లేకుంట పాటేందే? పైసల్లేవా వాళ్ళ దగ్గర?" అంది.

"ఇది దగ్గర కూసోని ఇనేదక్కా."

"ఎంత దగ్గర? పోయి వాళ్ళ ఒళ్ళె కూసోవాల్నా?"

ఆమెనూ, మా ఆయననూ బతిమాలి బయల్దేరదీశాను. నా లెక్క నాకుంది. నాలుగు కచేరీలు వింటే ఆయనకు చెవి అలవాటవుతుంది. చెవి అలవాటైతే నేను వాయించేటప్పుడు చౌరస్తా గుర్తుకు రాదు. ఎంత తెలివైనదాన్నో చూడండి.

మొదటి ఆదివారం హాల్లో పెళ్ళిళ్ళకు వేసే ప్లాస్టిక్ కుర్చీలే వేశారు. ముందు జంఖానా పరిచి ముగ్గురు కూర్చున్నారు. వేణువు ఒకాయన, మృదంగం ఒకాయన, ఫిడేలు పట్టుకుని ఒక ఆడమనిషి. ఆమె మెడ పక్కకు వంచి, కింది పెదవి కొరుక్కుంటూ, బిరడాలు తిప్పి శ్రుతి చేసుకుంటోంది. ఆ పెదవి కొరుక్కోవడం నాకు తెలుసు. మొండిది! నా చాప మీది పిల్ల!

లేచి వెళ్ళి పలకరించానా? ఏం లేదు. వెనక వరసలో, స్తంభం చాటుకు జరిగి కూర్చున్నాను. ఆమె ఒళ్ళు చేయలేదు. జుట్టుకు రంగు వేసుకోలేదు, అయినా బాగుంది. కట్టుకున్న నేత చీర చూస్తే సాదాగా ఉంది, అలాంటి సాదా చీర కొనాలంటే మా చౌరస్తాలో దొరకదు. ఇంక వాయించడం మొదలుపెట్టింది. ఎక్కడైనా శ్రుతి జారుతుందేమో, కమాను గీరుకుంటుందేమో అని గద్దలా కనిపెట్టుకుని కూర్చున్నాను. ఒక్కటంటే ఒక్క తప్పు దొరకలేదు. బాగా వాయించేవాళ్ళను చూసి కడుపు మండితే చేయగలిగింది ఏమీ లేదు, అలా కూర్చుని మండటమే.

అసలు మంట అది కూడా కాదు. నా పక్కన మా ఆయన కదలకుండా కూర్చున్నాడు. కాలు ఊపలేదు, ఫోను తీయలేదు. చివర్న చప్పట్లు కొట్టి జనం లేచిపోతుంటే నా వైపు తిరిగి, "అయిపోయిందా?" అని అడిగాడు. నేను వాయిస్తుంటే "ఇంకెంతసేపే" అని అడిగే మనిషి!

రెండో కచేరీ నాడు సైరన్ కూసింది. దీని గురించి బయటివాళ్ళకు కాస్త చెప్పాలి. మా కాలనీకి అవతల ఓపెన్ కాస్ట్ గని ఉంది, నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయేది. అక్కడ కొన్ని మధ్యాహ్నాలు బ్లాస్టింగ్ చేస్తారు. దానికి ముందు సైరన్ కూస్తుంది. ఎప్పుడో ఒకసారి ఆ అదురుకు అటక మీది పప్పు డబ్బా జారి ఎవరో ఒకావిడ నెత్తిన పడిందట. ఆవిడెవరో, అది ఏ క్వార్టరో ఎవరికీ తెలియదు. అయినా అప్పటి నుంచి మాకొక అలవాటు పడిపోయింది. సైరన్ కూయగానే ఎక్కడివాళ్ళం అక్కడ లేచి ఆరుబయటికి వచ్చి నిలబడతాం. ధబ్‌మన్న చప్పుడు వినబడ్డాక లోపలికి వెళ్ళి మళ్ళీ పనిలో పడతాం. అన్నం కలిపిన చేత్తో లేస్తాం, సబ్బు మొహంతో లేస్తాం. ఎవరూ ఎవరికీ చెప్పరు, ఎవరూ ఆలోచించరు. అందరికంటే ముందు లేచేది మా ఆయన. గంట చెవిన పడగానే చెయ్యి కదిలే ఉద్యోగం కదా. నా రెక్క పట్టుకుని "లే లే, బైటికి నడువు" అని లాక్కుపోతాడు.

ఆ రోజు వేణువు ఆయన కళ్ళు మూసుకుని రాగం ఆలపిస్తూ మంచి పట్టులో ఉన్నాడు. సైరన్ కూసింది. హాలుకు హాలు ఒక్కసారి లేచింది. కుర్చీలు జరిగిన చప్పుడు తప్ప ఒక్కరి నోట మాట లేదు. ఆయన కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఖాళీ కుర్చీలు! మేమంతా వాకిట్లో నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాం. తలుపులోంచి నేను ఆమెనే చూశాను. ఎత్తిన కమాను ఎత్తినట్టే ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. జనం ఛీకొట్టి లేచిపోయారనుకుంది పాపం. నా కడుపు చల్లగా అయింది.

ఆ చల్లదనం ఎంతసేపని? ధబ్‌మంది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. అందరం లోపలికి వచ్చి ఎవరి కుర్చీలో వాళ్ళం కూర్చున్నాం. పక్క క్వార్టర్ అక్క వాళ్ళకేసి చూసి, "ఆఁ, ఇగ కానియ్యుండ్రి" అంది.

కచేరీ పెట్టినవాళ్ళలో ఒకాయన మా అలవాటు సంగతి వాళ్ళకు వివరించాడు. ఆమె కోపం తెచ్చుకుంటుందని ఆశపడ్డాను. తెచ్చుకోలేదు. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ తర్వాతి కచేరీ నుంచి సైరన్ కూయగానే తనే కమాను ఒళ్ళో పెట్టుకుని, "పోయి రాండ్రి, మేం యాడికి పోం" అని మా భాషలో అనడం మొదలుపెట్టింది. ఇంక చూడాలి మా జనాన్ని! సర్వపిండి చేసుకొచ్చి పెట్టేవాళ్ళు, జామకాయలు సంచిలో వేసేవాళ్ళు. అన్నిటికీ మించి ఇంకొకటి జరిగింది. మా కాలనీలో ఇన్నేళ్ళూ నన్ను "ఫిడేలమ్మ" అనేవారు. మూడో కచేరీకల్లా ఫిడేలమ్మంటే ఆమె అయిపోయింది. నన్ను "గా మూల క్వార్టర్ల ఫిడేలామె" అంటున్నారు. నా పేరు నా కళ్ళముందే ఎత్తుకుపోయింది, అదీ మైకు కూడా లేకుండా.

మూడో కచేరీ ఆదివారం మా ఆయనకు డ్యూటీ పడింది. నాగా పెట్టాడు. నాకు టైఫాయిడ్ వచ్చి దవాఖానలో పడుకుంటే డ్యూటీ దిగాక వచ్చి చూసిపోయిన మనిషి, ఆమె ఫిడేలు కోసం నాగా పెట్టాడు! "నాగా పెట్టినవా?" అని అడిగాను. "ఆఁ, ఒక్కనాడేగా" అన్నాడు అద్దంలో చూసి తల దువ్వుకుంటూ. ఆ దువ్వెన లాక్కుని విరిచేద్దామనిపించింది.

ఆ రోజు కచేరీ అయ్యాక నేను ఎప్పటిలాగే స్తంభం చాటు నుంచి జారుకుంటుంటే మా ఆయన నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "మా ఆమె గూడ ఫిడేలు వాయిస్తది చెల్లె" అన్నాడు, నా వైపు వేలు చూపించి. తల కొట్టేసినట్టయింది నాకు. ఆమె ఇటు తిరిగింది. ఒక్క క్షణం చూసింది. అంతే, జంఖానా మీదినుంచి లేచి ఉరికొచ్చి నన్ను కావలించుకుంది.

"నువ్వానే! ఇన్నొద్దుల సంది ఈడ కూసోని నాకు కనవడకుంట ఉన్నవా?"

పెద్దపల్లి భాష మరిచిపోలేదు. పట్నం పోయి పెద్దదైనవాళ్ళు భాష మరిచిపోతేనైనా మనకు తిట్టుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది. అదీ ఇవ్వలేదు మహాతల్లి. నా చెయ్యి పట్టుకుని వేళ్ళ కొసలు తడిమి చూసింది. "ఇంక వాయిస్తున్నవ్, మంచిగైంది" అంది. ఆమె వేళ్ళ కొసలు నా వేళ్ళకు తగిలాయి. నావాటికంటే గట్టిగా ఉన్నాయి.

తర్వాతి కచేరీకి ఆమె ఒకరోజు ముందే వచ్చి మా ఇంట్లో భోంచేసింది. వద్దనలేను కదా, మా ఆయన పిలిచాడు. నేను వంటింట్లో రొట్టెలు కాలుస్తుంటే ముందు గదిలో వాళ్ళిద్దరి మాటలూ నవ్వులూ. ఆమె హాలేజీ గంటల గురించి అడుగుతోంది. అదే సంగతి నేను అడిగితే, "ఏముంటది, గంట మోగుతది, లాగుత" అన్నాడు ఈయన. ఆమె అడిగితే మాత్రం ఒక్కో గంటకు ఒక్కో కథ! ఏ గంట కొత్తవాడు కొట్టాడో, ఏది భయపడి కొట్టాడో చప్పుడును బట్టే తెలుస్తుందట. చేత్తో బల్ల మీద కొట్టి చూపిస్తున్నాడు. పాతికేళ్ళుగా నా ఇంట్లో తిరుగుతున్న మనిషి లోపల ఇంత మాట ఉందని నాకు ఆమె వల్ల తెలియాలా?

అక్కడితో అయిపోయినా బాగుండేది. "నీ ఫిడేలు ఇంటుంటే పానం ఏదో అయితది చెల్లె. ఎందుకట్ల?" అని అడిగాడు. పెనం మీద రొట్టె మాడిపోయింది. మాడిన రొట్టె తీసుకెళ్ళి ఆయన పళ్ళెంలోనే వేశాను. చూసుకోకుండా తినేశాడు.

చెయ్యి కడుక్కుంటూ ఆమె నాతో, "ఆఖరి కచేరీల నువ్వు నాతోని వాయించవే. రెండు ఫిడేళ్ళు. మాస్టారు దగ్గర వాయించినట్టే" అంది. దయ చూపిస్తోందా, నిజంగానే అడుగుతోందా అని ఆమె మొహం వెతికాను. నిజంగానే అడుగుతోంది. పుండు మీద కారమంటే ఇదే. వద్దని ఆమె మొహాన చెప్పే అవకాశం చేతికొచ్చింది. కానీ గుమ్మం దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు. ఆఖరి కచేరీకి ఆయన వస్తాడు. కూర్చుంటాడు. చివరిదాకా వింటాడు. ఆమె మాట పూర్తి కాకముందే సరేనన్నాను.

ఇద్దరం మోహన రాగం అనుకున్నాం. చివర్లో ఒకరి తర్వాత ఒకరం స్వరాలు వేస్తాం. ఆమె ఒక వరస వాయిస్తే నేను బదులివ్వాలి, మళ్ళీ ఆమె, మళ్ళీ నేను. పోనుపోను వరసలు చిన్నవైపోయి, ఆఖర్న ఇద్దరం కలిసి ముగించాలి. ఆమె ఫోనులో వాయించి పంపేది, నేను బడి నుంచి వచ్చాక సాధన చేసేదాన్ని. ఒక ప్రైవేటు బళ్ళో మూడో తరగతికి తెలుగు చెబుతాను నేను. ఆ రోజుల్లో పిల్లలు పద్యం అప్పజెప్పినా నాకు స్వరాల్లాగే వినబడేది. ఆమెతో సమానంగా వాయించాలని కాదు నా పట్టుదల. ఆమెను మించి వాయించాలి. ఆయన చెవితోనే, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, నాదే బాగుందని ఆయన అనుకోవాలి. నేను సాధన చేసేటప్పుడు ఆయన ఎప్పటిలాగే చౌరస్తాకు పోయేవాడు. పోనీ, కచేరీలోనే వింటాడులే అనుకున్నాను.

ఆఖరి ఆదివారం హాలు కిటకిటలాడింది. మా ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. నేను జంఖానా వైపు వెళుతుంటే కొంగు పట్టుకుని ఆపాడు.

"నువ్వు ఆడ కూసుంటే నాకే బుగులైతున్నది. కండ్లు మూసుకుంట. కండ్లు మూసుకొనే ఇంట, ఏమనుకోకు."

కొంగు విడిపించుకున్నాను. "మూసుకో. ఇను చాలు" అన్నాను.

పక్క క్వార్టర్ అక్క భర్త ఓపెన్ కాస్ట్‌లోనే పనిచేస్తాడు, ఆ రోజు బ్లాస్టింగ్ లేదని ముందే చెప్పాడు. అందుకని మేము నిశ్చింతగా మొదలుపెట్టాం. మొదట్లో నేను కాస్త వెనకబడ్డాను. ఆమె నా వైపు చూడకుండానే కొంచెం తగ్గించి వాయించి నన్ను అందుకోనిచ్చింది. అది కూడా నాకు నచ్చలేదు. కానీ పాట నడిచిన కొద్దీ నా చెయ్యి తేలికైంది. మాస్టారు మెచ్చిన చెయ్యి కదా. స్వరాలకు వచ్చేసరికి ఆమె వేసిన ప్రతి వరసకూ నేను బదులిస్తున్నాను. ఒకచోట నేనిచ్చిన బదులుకు మృదంగం ఆయన "శభాష్" అన్నాడు. ఆమెకు కాదు, నాకు! ఎదురుగా మా ఆయన కళ్ళు మూసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బిగుసుకుని కూర్చున్నాడు. వింటున్నాడు. నన్నే వింటున్నాడు.

లేదనుకున్న సైరన్ అప్పుడు కూసింది.

నా ఒళ్ళో ఫిడేలు ఉంది, పక్కన ఆమె ఉంది, ఎదురుగా ఆయన ఉన్నాడు, బదులివ్వాల్సిన వంతు నాది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే లేచాను. కాళ్ళు నన్నడగలేదు. హాలంతా లేచింది, హాలుతోపాటు నేనూ లేచి, ఒక చేత్తో ఫిడేలూ ఇంకో చేత్తో కమానూ పట్టుకుని, జనంతో కలిసి గబగబా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. ఆకాశం వైపు కూడా చూశాను.

పక్క క్వార్టర్ అక్క నన్ను చూసి బుగ్గ నొక్కుకుంది. "ఓసినీ! నువ్వెందుకచ్చినవే?"

అప్పుడు గాని నాకు తెలివి రాలేదు. వాకిలంతా గొల్లుమంది. లోపలికి ఉరకబోతే అక్క నా రెక్క పట్టుకుని ఆపింది. "ఆగే, ఇంక పేలలే" అంది. ఆ చెయ్యి విదిలించుకోబోయి, లోపలి నుంచి వినిపించింది విని ఆగిపోయాను. ఫిడేలు ఆగలేదు. రెండు ఫిడేళ్ళూ ఆగలేదు.

తలుపులోంచి చూశాను. మృదంగం పక్కన ఆమె ఒక్కతే. తన వంతు పై స్థాయిలో వాయిస్తోంది, నా వంతు వచ్చేసరికి కింది తీగల మీదికి దిగి తనే బదులిస్తోంది. పైన అడుగుతోంది, కింద చెబుతోంది. నా బదులు నాకంటే బాగా చెబుతోంది. ఖాళీ కుర్చీల మధ్య ముందు వరసలో ఒకే ఒక్క మనిషి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సైరన్ కూస్తే అందరికంటే ముందు లేచే మనిషి, నా రెక్క పట్టుకుని లాక్కుపోయే మనిషి, ఆ కూత ఆయన చెవిన పడనే లేదు.

ధబ్‌మంది. జనంతోపాటు లోపలికి ఉరికి నేను జంఖానా మీదికి చేరేసరికి ఆమె ముగింపు వాయించేసింది. వచ్చినవాళ్ళు నిలబడే చప్పట్లు కొట్టారు. ఆమె నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టి, నాతోపాటు తనూ దండం పెట్టింది. మా ఆయన అప్పుడు కళ్ళు తెరిచాడు. నన్ను చూసి నవ్వాడు. పెళ్ళి ఫోటోలో కూడా అలా నవ్వలేదు.

"ఆపబుద్ధి కాలేదే," అంది ఆమె నా చెవిలో. "నువ్వు అంత మంచిగ ఎత్తిచ్చి పోయినంక ఎట్ల ఆపుత?"

అంత మంచి మనిషిని ఏమని తిట్టుకోవాలో నాకు తోచలేదు. ఫిడేలు పెట్టెలో పెట్టుకుని లేచాను. మా ఆయన ఎదురొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మస్తు వాయించినవ్ పో," అన్నాడు. "ఆఖర్లయితె చెప్పరాదు. ఆమె మీదికెళ్ళి అడిగితె నువ్వు కిందికెళ్ళి చెప్పినవ్ సూడు, నాకు పానం లేసొచ్చింది. గంత మంచిగ వాయిస్తవని నాకేం ఎరుక?"

పాతికేళ్ళుగా ఎదురుచూసిన మాట. నేను నోరు తెరిచేలోపే పక్క క్వార్టర్ అక్క ముందుకొచ్చింది.

"ఏందన్నా, నిద్రపోయినవా? ఆఖర్ల ఈమె యాడున్నది? ఫిడేలు వట్టుకొని మాతోని వాకిట్ల నిలవడ్డది. ఆ రెండూ ఆమెనే వాయించింది!"

అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. "నిజమానే?" అని నన్ను అడిగాడు. తలూపాను. "సైరన్ కూసిందా?" అన్నాడు, ఇంకా నమ్మకం కుదరక. ఆమె తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నది. రైలుకు టైమవుతోందని వెళ్ళిపోయింది.

ఇద్దరం బండి మీద ఇంటికి వచ్చేశాం. ఇంకా పొద్దు గూకలేదు. ఇల్లు చేరగానే ఆయన వాకిట్లో ఉన్న కుర్చీ తెచ్చి ముందు గదిలో వేసుకుని కూర్చున్నాడు.

"తీయ్" అన్నాడు ఫిడేలు పెట్టె చూపించి. "ఇందాక యాడ ఇడిసిపెట్టినవో ఆడికెళ్ళి వాయించు. రెండు వంతులు నువ్వే వాయించు, ఆమె లెక్క."

నాకు ఆ ముగింపు పూర్తిగా తెలుసు, నేను కూడా సాధన చేసిందే. ఒంట్లో ఉన్న కసంతా చేతిలోకి తెచ్చుకుని వాయించాను. పైన అడిగాను, కింద చెప్పాను. ఒక్క స్వరం తప్పు పోలేదు. ఆయన ఈసారి కళ్ళు మూసుకోలేదు. నా చేతినే చూస్తూ, ఊపిరి కూడా పీల్చాడో లేదో, చివరిదాకా విన్నాడు. నా ఇంట్లో, నా ఎదురుగా, నన్ను. ముగించి కమాను దించాను.

ఆయన, అబద్ధం చేతకాని మనిషి కదా, నెమ్మదిగా అన్నాడు:

"ఆమెదే మంచిగుండె."

"ఎక్కడ? ఎక్కడ బాగుంది ఆమెది?" అని అరిచాను.

"నాకేం ఎరుకనే? ఆమెదే మంచిగుండె, అంతే. ఇంకోపారి వాయించు, ఇంట."

కమాను పెట్టి నెత్తి మీద ఒక్కటి ఇద్దామనుకున్నాను. ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. బిరడా బిగించి, మనసులో ఆమెను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, ఆమె వాయించినట్టే రావాలని మళ్ళీ మొదలుపెట్టాను.